రేపల్లె స్టేషన్లో నేనెత్తిన గంప

మా వదినంటే నాకు కుళ్ళు. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను? ఉన్నమాటే రాస్తున్నాను.

నేను రేపల్లెలో టీచర్ని. నిజాంపట్నం పక్కన సముద్రపొడ్డు పల్లెలో పుట్టాను, ఉండేదీ అక్కడే. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. అన్నయ్య వేటకెళ్తాడు. ఆయన భార్య, అంటే మా వదిన, చేపల గంపతో రైలెక్కి తెనాలి వెళ్ళి అమ్ముకొస్తుంది. సంతకం పెట్టడానికి కూడా తడుముకుంటుంది. మా పల్లెకీ కాలవ అవతలి పల్లెకీ వలల దగ్గర ఎప్పుడూ ఏదో ఒక తగువు. అవి ముదరకముందే ఆపాలని ఒక కమిటీ వేసి, చదువుకున్నదాన్నని నన్ను అందులో పెట్టారు. బాపట్లలో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. మెళ్ళో కార్డు, చేతిలో ఫైలు. గొడవకి ముందు కనిపించే గుర్తులు రాయడానికి ఆ ఫైల్లో ప్రత్యేకంగా ఒక గడి ఉంది.

అబ్బో, ఎవరిక్కావాలి నా ఫైలు! రెండు గొంతులు లేచాయంటే చాలు, "టీచరుగారూ, మీ వదినగారు ఇంట్లో ఉన్నారాండి?" అని నన్నే అడిగేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది. నా మెళ్ళో కార్డు వాళ్ళ కంటికి ఆనేది కాదు.

ఆమె చేసేదేమైనా పెద్ద విద్యా అంటే అదీ కాదు. నిండు గంప ఎవరికి వాళ్ళు నెత్తికెత్తుకోలేరు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. స్టేషన్ ముందు ఆటో దిగగానే ఏ పల్లె ఆడవాళ్ళయినా ఒకరి గంప ఒకరు ఎత్తుతారు, అందులో తేడా చూడరు. ఒకరోజు చేపలు తోముతూ వదిన నాతో అంది: "మగాళ్ళు కర్రలు తీసేది తర్వాత టీచరమ్మా. ముందు ఆడోళ్ళు చెయ్యెయ్యడం మానేస్తారు. అది చూశానా, ఇంక నాకు కాలు నిలవదు."

అలా కనిపించిన రోజు తెనాలిలో బియ్యం, కూరగాయలు గంపనిండా వేసుకుని, తిరుగుదారిలో అవతలి పల్లె పెద్దాయన వాకిట్లో దించేది. "కాస్త ఎత్తండి బాబాయ్, ఇంటికెళ్ళాలి" అని నిలబడేది. వాకిట్లో బరువుతో నిలబడ్డ ఆడమనిషిని ఎవరు పొమ్మంటారు? ఎత్తేవాడు ఎత్తకుండానే ముందు నాలుగు తిట్టేవాడు. ఆ తిట్టడంలోనే సంగతంతా బయటపడేది. ఈమె విని, ఇటువైపు వచ్చి మావాళ్ళని కూర్చోబెట్టేది. మూడుసార్లు అలా సర్దింది. నా ఫైల్లో ఆ మూడూ నా చేతిరాతతో ఉన్నాయి, ఆమె పేరు లేకుండా.

ఒక ఏడాది అవతలివాళ్ళ మరబోటు కింద పడి అన్నయ్య కొత్త వల తెగింది. "పోతే పోయిందిలే" అన్నాడు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. వదినకి తెలిస్తే కొట్లాట ఆపేస్తుందని మగవాళ్ళంతా ఆమె దగ్గర నోరు మెదపలేదు.

రెండోరోజు నేను ఏదో పనిమీద తెనాలి బయలుదేరాను. వదిన అంతకుముందు బండికే వెళ్ళిపోయింది. రేపల్లె స్టేషన్ ముందు ఆటో దిగేసరికి అవతలి పల్లె ఆవిడ ఒకామె నిండు గంప పక్కన నిలబడి ఉంది. మా పల్లె ఆడవాళ్ళు నలుగురు ఆమెని చూసి కూడా ముందుకెళ్ళిపోయారు. పాపం అనిపించి నేనే చెయ్యి వేశాను. చేపల నీళ్ళు చీరమీద పడ్డాయి. ఎంత మంచిదాన్నో అనుకుంటూ రైలెక్కాను.

బండి కదిలాక తట్టింది. వదిన చెప్పిన గుర్తు అదే కదా! గుండె గబగబా కొట్టుకుంది. భయంతో అనుకునేరు, కాదు, సంతోషంతో. ఆమెకి తెలియనిది ఈసారి నాకు తెలుసు.

తెనాలి మార్కెట్లో నన్ను చూడగానే వదిన కత్తి పక్కన పెట్టింది.

"టీచరమ్మా, మీ అన్నయ్య వాలకం నాకేం బాగోలేదు. స్టేషన్ కాడ మనోళ్ళూ వాళ్ళూ గంపలు ఎత్తుకున్నారా? చూశావా?"

"ఆఁ, ఎత్తుకున్నారు వదినా. అందరూ బాగానే ఉన్నారు."

"అయితే సరేలే. నువ్వు చూశావంటే ఇంక నాకు దిగుల్లేదు" అని మళ్ళీ కత్తి అందుకుంది. ఆ సాయంత్రం ఎక్కడా దిగకుండా నేరుగా ఇంటికి వెళ్ళిపోయింది.

నేను మాత్రం ఫైలు తీసి ఆ గడి నింపాను. ఎంత ముచ్చటగా రాశానో! సోమవారం రెండు పల్లెలవాళ్ళనీ పిలవాలనీ, బాపట్ల నుంచి సార్లు కూడా వస్తే బాగుంటుందనీ అనుకున్నాను. వాళ్ళ ముందు మాట్లాడాల్సింది అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.

సోమవారం దాకా ఎవరాగారు? మర్నాడు పొద్దున్నే పడవల రేవులో కొట్టుకున్నారు. అవతల ఒకాయన తలకి కుట్లు పడ్డాయి. అన్నయ్య కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, వల లాగే పట్టు మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఒడ్డున కూర్చుని ఎడమచేత్తో పక్కవాళ్ళ వలలు బాగుచేస్తాడు.

ఆస్పత్రిలో వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఈసారి ఆడోళ్ళు కూడా బయటపడలేదే! నువ్వంతటిదానివి చూసినా కనిపించలేదంటే ఇంకెవరికి కనిపిస్తుంది?" అంది. ఆమె వీపు నిమిరాను. చూశానన్న మాట ఆ రోజూ చెప్పలేదు, ఇంతవరకూ చెప్పలేదు.

తర్వాత వదిన ఏ తగువులోకీ వెళ్ళడం మానేసింది. తను నమ్ముకున్న గుర్తు మీద తనకే నమ్మకం పోయిందట. ఇప్పుడు జనం నా దగ్గరికే వస్తున్నారు. నేను ఏళ్ళ తరబడి ఏడ్చి ఏడ్చి కోరుకున్నది అదే.

మొన్న ఒకామె తగువు చెప్పుకోవడానికి వచ్చి గుమ్మంలో తటపటాయిస్తుంటే, వదినే ఆమెని లోపలికి తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టింది.

"భయపడకుండా అంతా చెప్పమ్మా" అంది. "మా ఆడబిడ్డ ఉన్నదున్నట్టు చెబుతుంది. దాచే రకం కాదు."