సాన్పి చల్లిన కోర్టు

నా భర్త బాల్ బ్యాడ్మింటన్ ఆడుతూ కోర్టులోనే పోయాడు. సర్వీసు చేయబోతూ పచ్చ ఉన్నిబంతి ఎడమ చేతిలో పట్టుకుని, అలాగే ముందుకు పడిపోయాడట. నల్లగొండ దవాఖానకు చేర్చేసరికి ఇంకేం మిగల్లేదు. బంతి మాత్రం చేతిలోనే ఉంది. వేళ్ళు విప్పి తీశారు.

ఆ కోర్టు ఊరు దానం చేసింది కాదు. ఊరి చివర రాళ్ళూ సర్కారు తుమ్మా పెరిగిన జాగాను ఆయన, ఆయన జట్టువాళ్ళు నలుగురు కలిసి ఏళ్ళ తరబడి చదును చేసుకున్నారు. పొలం పని అయ్యాక గడ్డపారలు పట్టుకుని పోయేవారు. నేను సద్ది మోసుకుపోయి, "పొలంల గింత కష్టం చేస్తే బంగారం పండు" అని తిట్టేదాన్ని. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు నిలబడి ఆడే ఆట. ఏటా ఒకసారి చుట్టుపక్కల జట్లను పిలిచి పోటీలు పెట్టేవాడు.

ఆయన పోయాక రెండేళ్ళు ఎవరూ అందులో అడుగు పెట్టలేదు. తుమ్మ మళ్ళీ మొలిచింది. అప్పుడు గ్రామసభలో సర్పంచ్ ఆ జాగాలో గోదాం కడదామన్నాడు. సభకు పోవడం అదే నాకు మొదలు. వెనక ఆడవాళ్ళతో కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

"అది ఆట జాగ సర్పంచ్ సాబ్."

"ఎవరాడుతుండ్రు చెల్లే? రెండేండ్లాయె, మేకలు దప్ప ఎవరన్న పోయిండ్రా?"

"ఆడిపిస్త."

"ఎవరితోని? నువ్వు బ్యాటు పడ్తవా?"

సభంతా నవ్వింది. నా నోరు ఆగలేదు. ఆరు జట్లను తెస్తానన్నాను. ఎందుకు ఆరన్నానో నాకే తెలియదు.

"తే మరి. ఆరు జట్లు రావాలె, ఫైనల్ దాకా ఆట నడ్వాలె. అట్లయితే గా జాగ జోలికి నేను రాను. నడుమ ఆగిందో, తెల్లారే పునాది తీపిస్త."

ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నాకు చదువంటే సంతకం ఒక్కటే. ఆ రెండేళ్ళూ ఇంట్లో ఆయన ఫొటోకు దండ వేస్తున్నా, నాకు ఆయన అందులో లేడు. ఆ మట్టిలోనే ఉన్నాడు. దాని మీద గోదాం లేస్తే ఆయన్ను రెండోసారి తీసుకుపోయినట్టే.

ఆయన జట్టులో ఆయన పక్కనే ఆడిన మనిషి ఒకడు ట్రాక్టర్లు బాగుచేస్తాడు. నన్ను వదినా అంటాడు. ముందు అతని దగ్గరికే పోయాను. చేతులకు గ్రీజుతో తల అడ్డంగా ఊపాడు.

"వదినా, నువ్వేమన్న అడుగు. గా కోర్టుల అడుగు పెట్టుమనకు. ఆనాడు ఆయన్ను ఎత్తింది నేను."

"ఆడకు తమ్మి. అంపైరుగా నిలబడి విజిల్ ఊదు. ఆట లెక్క నాకెట్ల తెలుస్తది?"

ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. జట్ల పెద్దల పేర్లు మాత్రం చెప్పాడు, నా బిడ్డ రాసుకుంది. ఫోన్లో అడిగితే కాదనడం సులువని బస్సెక్కి పోయాను. పానగల్ వాళ్ళు ఒక్క మాటకే ఒప్పుకున్నారు. పోచంపల్లిలో మగ్గం గుంటలో కూర్చున్న పెద్దమనిషి దారం తెంపకుండానే, "మగ్గం ఆపుడంటే మాకు అన్నం ఆపుడమ్మా. ఆయన పేరు చెప్పినవ్ గాబట్టి వస్తం" అన్నాడు. షాద్‌నగర్ జట్టంతా కంపెనీల్లో పనిచేసే పిల్లలు. ఆదివారమైతేనే వస్తామన్నారు. అట్లా ఆదివారం ఖాయమయింది. ఇంకో రెండు ఊళ్ళు కూడా సరేనన్నాయి, మా ఊరితో కలిపి ఆరు జట్లు.

తుమ్మ నరికించాను. వల కుట్టుకున్నాను. గెలిచినవాళ్ళకు కప్పు బదులు నా ఇత్తడి బిందె తోమి పెట్టాను. అంతా అవుతోంది గానీ మా ఊరి పిల్లలే ప్రాక్టీసుకు రాలేదు. ఎందుకు రాలేదో నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే చెవిన పడింది. "పాణం పోయిన జాగల పిల్లల్ని ఎట్ల ఆడనిస్తం? ఆమెకు పోయేదేమున్నది, పోవాల్సింది పోనే పోయింది" అంటోంది ఒకామె. నేను నీళ్ళ కడవ అక్కడే వదిలి వచ్చేశాను.

ఆ రాత్రి ఒకటే ఆలోచన. మైల పడ్డ జాగా అంటున్నారు. మైల పోవాలంటే ఏం చేస్తాం? మంచిరోజున వాకిట్లో పేడనీళ్ళు కలిపి సాన్పి చల్లుతాం. అది నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన పని. ఆదివారం తెల్లవారకముందే ఇద్దరు ఆడవాళ్ళను బతిమాలి వెంట తీసుకుపోయాను. బక్కెట్లకు బక్కెట్లు పేడ చిక్కగా కలిపి, నెట్టు కింద, మూలల్లో, ఆయన పడిన చోట ఇంకా చిక్కగా చల్లాను. దాని మీద సున్నంతో గీతలు వేశాం. పొగమంచులో ఆ కోర్టు పండగ వాకిలిలా ఉంది. మా పిల్లలు నిజంగానే వచ్చారు. వాళ్ళ తల్లులూ వచ్చారు. నా కడుపు నిండిపోయింది.

ట్రాక్టర్ల తమ్ముడూ వచ్చాడు, మెడలో విజిల్‌తో. మంచు విడవక ముందు కోర్టును దూరం నుంచి చూసి తడి మట్టే అనుకున్నాడట.

మొదటి ఆట పానగల్‌కూ మాకూ. నాలుగో దెబ్బకే బంతి నేలన పడింది. పచ్చబంతి పైకి లేచేసరికి నల్లగా ఉంది. పానగల్ పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకుని నావైపు చూపించాడు.

"అమ్మా, గిది బంతా పిడకనా?"

జనం పగలబడి నవ్వారు. రెండో బంతి తీశారు, మూడో బంతి తీశారు. పేడ పట్టిన ఉన్ని రాయిలా బరువెక్కి నెట్టు దాటడం లేదు. మా పిల్లవాడొకడు పరుగెత్తబోయి జారి వెల్లకిలా పడ్డాడు. ఆయన పడిన చోటే. వాడి తల్లి కేక పెట్టింది. ఆట ఆగిపోయింది.

షాద్‌నగర్ కెప్టెన్ సంచి భుజాన వేసుకున్నాడు. "ఏమనుకోకు పెద్దమ్మా. కాలిరిగితే రేపు డ్యూటీ ఎవరు చేస్తరు? మేము బస్సుకు పోతం."

కుర్చీలో కూర్చున్న సర్పంచ్ గడియారం చూసుకున్నాడు.

తమ్ముడు నా మీదికి వచ్చాడు. "ఎవరు చెప్పిండ్రు వదినా నీకు? రాత్రి ఉత్త నీళ్ళు చల్లి, పొద్దుగాల ఊడిస్తే అయిపోవు! పెండ ఎందుకు చల్లినవ్?"

"పాణం పోయిన జాగని ఎవరు వస్తలేరు తమ్మి. మైల తీసిన. నాకు గదే తెలుసు."

అతను చెప్పులు విడిచి, రెండేళ్ళుగా దాటని గీత దాటి లోపలికి నడిచి, మడమతో నేల గీకి చూశాడు. "పైపైనే ఉన్నది. ఇండ్లల్ల బూడిద ఉంటే తేండ్రి. మిల్లు కాడ ఊక తేండ్రి. జల్ది!"

నన్ను ఎత్తిపొడిచిన ఆ నల్లా ఆమే మొదటి తట్ట బూడిద తెచ్చింది. పొయ్యిల్లోని బూడిదంతా వచ్చింది. కోర్టంతా పరిచి, తడి పీల్చాక చేటలతో గీకి ఎత్తాం. నేను మోకాళ్ళ మీదే ఉన్నాను. తలెత్తి చూస్తే పోచంపల్లి నేతవాళ్ళు కూడా వంగి గీకుతున్నారు. షాద్‌నగర్ కెప్టెన్ సంచి దించి, "బస్సు ఎట్లాగు పాయె" అంటూ చీపురు అందుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చాక ఆట మళ్ళీ మొదలైంది. మూడు సెట్ల బదులు ఒక్కొక్క సెట్టే అన్నారు. బంతులు ఒకటొకటే పాడవుతూ వచ్చాయి. ఫైనల్ మా ఊరికీ షాద్‌నగర్‌కూ పడేసరికి ఆడటానికి పనికొచ్చేది ఒక్క బంతే మిగిలింది. కొత్తది తేవాలంటే పట్నం పోవాలి. ఒక మూల ఇంకా చెమ్మ ఉంది. బంతి అటు పోయిన ప్రతిసారీ నేను గీత దాకా పోయేదాన్ని. పొద్దు వాలుతోంది. చెరి ముప్పై ఒకటి అని బిడ్డ చెప్పింది.

షాద్‌నగర్ పిల్లవాడు ఎత్తుగా కొట్టాడు. బంతి నేరుగా ఆ చెమ్మ మూలకే దిగుతోంది. మావాడు అందుకోలేడు. నాకు ఏం తోచిందో తెలియదు. గీత దాటి పరుగెత్తి, కొంగు పరిచి, ఆ బంతిని నేల తగలకుండా పట్టేశాను.

గొడవ లేచింది. "మాకు పాయింట్!" అని వాళ్ళు, "బయటికి పోయేదే!" అని మావాళ్ళు. నేను బంతిని గుండెకు పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. "కొట్టుండ్రి నన్ను. గిది ఖరాబైతే ఆట ఆగుతది. ఆట ఆగితే జాగ పోతది. నేను మల్ల ఎక్కడికి పోవాలె బిడ్డా?"

తమ్ముడు విజిల్ ఊది, "లెట్. మల్ల ఆడుండ్రి" అన్నాడు.

షాద్‌నగర్ కెప్టెన్ నా చేతిలోంచి బంతి తీసుకుంటూ, "మా జట్టుల గింత మంచిగ క్యాచ్ పట్టేటోడు లేడు పెద్దమ్మా" అన్నాడు. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మావాళ్ళు ఓడిపోయారు. ఎంత తేడాతోనో నేను వినలేదు. ఆట పూర్తయిందన్నది ఒక్కటే వినపడింది. సర్పంచ్ లేచి వాళ్ళకు బిందె ఇచ్చి, పదిమందిలో, "మాట అంటే మాట. జాగ ఉంటది చెల్లే" అన్నాడు. ఆ మాటను ఇంటికి తెచ్చుకుని నిద్రపోయాను. ఎన్నాళ్ళకో అట్లా నిద్రపోవడం.

ఏడాది తిరిగేసరికి సర్పంచ్ పదవీకాలం అయిపోయింది. ఎన్నికలు జరగలేదు. ఆయన స్థానంలో ఒక అధికారి వచ్చాడు. గోదాం మాట మళ్ళీ లేచింది. పోయి చెప్పాను.

"జాగ ఉంచుతనని సర్పంచ్ సాబ్ మాటిచ్చిండు సారూ."

"తీర్మానం కాపీ ఉందామ్మా?"

తీర్మానం అంటే కాగితమని అప్పుడు తెలిసింది. పదిమంది విన్న మాటకు కాగితం కూడా ఉండాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పాత సర్పంచ్ ఇంటికి పోతే ఆయన తల దించుకుని, "ఇప్పుడు నేను ఏ హోదాల చెప్పాలె చెల్లే" అన్నాడు. అబద్ధం ఏమీ ఆడలేదు పాపం.

ఆరు జట్ల కెప్టెన్ల కోసం మళ్ళీ బస్సులెక్కి తిరిగాను. నలుగురు సంతకాలు పెట్టారు. ఆ కాగితం తీసుకున్న అధికారి చూద్దామమ్మా అన్నాడు. చూస్తూనే ఉన్నాడు. ఈలోపు లారీ వచ్చి కోర్టు వెనక గీత మీద కంకర పోసి పోయింది. పొద్దున్నే పోయి దాన్ని తట్టతో అవతలికి ఎత్తి పోస్తున్నాను. మర్నాటికి ఇంకో లారీ వస్తుంది. మళ్ళీ ఎత్తుతాను. చేతులు పగిలాయి. వద్దమ్మా అని బిడ్డ ఏడుస్తోంది, నేను చెప్తుంటే ఇది రాస్తూ కూడా.