రజియక్క పొద్దుటి ఫోను

ఈ పొద్దున మా ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదురుగా అల్లం చాయ్ తాగుతుంటే, పొయ్యి పక్కన పెట్టిన రేడియోలోంచి నా గొంతే వినిపించింది. మూడు రోజుల కింద రికార్డు చేసిన కార్యక్రమం. బయట తుంపర పడుతోంది, తడిమట్టి వాసన చాయ్ ఆవిరిలో కలుస్తోంది. రేడియోలోని నేను మాత్రం వాన ఊసెత్తకుండా ఏవేవో కబుర్లు చెప్పుకుపోతున్నాను. ఎండావానల గురించి మాట్లాడటం ఎప్పుడో మానేశాను. అది ఎందుకో చెప్పాలంటే రజియక్క గురించి చెప్పాలి, ఆమె గురించి చెప్పేముందు ఒక మాట ఒప్పుకోవాలి. నాకు ఆమె అంటే కుళ్లు. ఆమె పోయి రెండేళ్లయింది, కుళ్లు ఇంకా పోలేదు.

రజియక్కది మా ఊరే. నగరంలోని ఒక చిన్న ఎఫ్.ఎం. స్టేషన్లో పొద్దుటి కార్యక్రమం చేసేది. మా కాలేజీ వార్షికోత్సవానికి అతిథిగా వచ్చి, మైకు పట్టుకుని వాగుతున్న నన్ను చూసి, "నోరు మంచిగనే ఉంది తమ్మీ, చెవులున్నయో లేవో సూద్దాం" అని తన వెంట తీసుకుపోయింది. ఆమె పుణ్యమా అని నాకు ఉద్యోగం దొరికింది. తొలి బస్సులో ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. మైకు తెరిచే ముందు ఆమె తప్పకుండా ఒక ఫోను చేసేది, మా ఊళ్లో సాగర్ రోడ్డు పక్కన ఇల్లున్న లక్ష్మమ్మకు. లక్ష్మమ్మకు చూపు లేదు, రేడియోయే తోడు. "ఎట్లుంది పెద్దమ్మా ఇయ్యాల?" అని రజియక్క అడిగితే, "ఆదిభట్ల పోయే కంపెనీ బస్సులు హారన్ కొట్టుకుంట మెల్లగ పోతున్నయ్ బిడ్డా, మంచు పడ్డట్టుంది" అనేది ఆవిడ. మరు నిమిషంలో "సాగర్ రోడ్డు మీద మంచున్నదంట, బండ్లోళ్లు జర పైలం" అని రజియక్క గొంతు ఊరూరా వినిపించేది.

"కండ్లు కనపడని మనిషిని అడుగుతవేందక్కా?" అన్నాను ఒకసారి.

"నన్ను వినేటోళ్లు గూడ నన్ను చూస్తలేరు గద రా. ఆమెకు తెలిసేటట్టు చెప్తే అందరికి తెలుస్తది" అంది.

కొన్నాళ్లకు నాకు మధ్యాహ్నం కార్యక్రమం ఇచ్చారు. నేనూ అలాంటి ఫోన్లు చేసి చూశాను. నా గొంతు ఆమె గొంతు కన్నా బాగుంటుంది. ఇది నేను చెప్పుకోవడం కాదు, స్టేషన్లో అందరూ అనేవారు. అయినా ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ "రజియక్క లేదా?" అనేవాళ్లే. ఒకరోజు ఒక పెద్దమనిషి గంపెడు సీతాఫలాలు తెచ్చాడు. నా కార్యక్రమం రోజూ వింటానన్నాడు. నేను పొంగిపోతుండగా ఆ గంప నా చేతికిచ్చి, "రేపు అక్క వచ్చేదాంక జర చూస్కో, ఎవ్వలు ముట్టకుండ" అన్నాడు. ఆ పండ్లలో రజియక్క నాకు సగం పంచింది. తిన్నాను. తింటున్నంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంది.

అప్పటికే ఒక్కో ఊళ్లో ఒక్కో స్టేషన్ కొనుక్కుంటూ వస్తున్న ఒక పెద్ద కంపెనీ మా స్టేషన్నూ కొనేసింది. వరంగల్‌కూ నిజామాబాద్‌కూ మాకూ ఇకనుంచి ఒకటే పొద్దుటి కార్యక్రమం, ఒకటే గొంతు. అదీ మూడు రోజుల ముందే రికార్డు చేసి పెట్టాలి. ఉన్నది ఒక్క కుర్చీ. కొత్త మేనేజరు మా ఇద్దరినీ విడివిడిగా పిలిచాడు. రజియక్క "మూడు రోజుల తర్వాత పొద్దు ఎట్లుంటదో నాకు ఇయ్యాల ఎట్ల తెలుస్తది సార్?" అని ఆయన్నే ఎదురడిగి వచ్చిందట. నన్ను ఆయన ఒకటే అడిగాడు.

"ఆవిడ లేకపోతే శ్రోతలు పోతారా?"

నిజం ఏమిటో నాకు బాగా తెలుసు. కానీ సీతాఫలాల గంప గుర్తొచ్చింది. "పది రోజులు అడుగుతారు సార్, తర్వాత మరచిపోతారు" అన్నాను. కుర్చీ నాకొచ్చింది. రజియక్క నా భుజం తట్టి, "మంచిగ చెయ్ తమ్మీ" అని వెళ్లిపోయింది.

ఆ ఏడు వానాకాలంలో మా చెరువు ఎన్నో ఏళ్ల తర్వాత నిండి, పొర్లే నీళ్లతో అలుగు దుమికింది. పొద్దున్నే ఊరంతా కట్ట మీదికి చేరింది. నేనూ వెళ్లాను. పక్కనే ఒక ఆటోలో రేడియో మోగుతోంది. "గొడుగులు మూలకు పెట్టేయండి మిత్రులారా, వాన మనల్ని మరచిపోయినట్టుంది!" అంటున్నాను నేను, ఆ నీళ్ల హోరు మధ్యలో. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. "గీ పోరడు యాడ కూసోని మాట్లాడుతున్నడో! రజియక్క ఉంటే మంచిగ చెప్పేది" అన్నాడు ఆటో అతను. ఆ గొంతు నాదని అక్కడ ఎవరికీ తట్టనందుకు ఆ రోజు సంతోషించాను.

కొంచెం దూరంలో రజియక్క కనిపించింది, ఫోను చెవికి ఆనించుకుని. "సప్పుడు వినపడ్తుందా పెద్దమ్మా? అవ్, అలుగే. అందరు చెప్పులు చేతుల పట్టుకోని నీళ్లల్ల నిలబడ్డరు, ఒకాయన లుంగీ తడిసి కాళ్లకు సుట్టుకున్నది..." లక్ష్మమ్మకు చెబుతోంది. ఉద్యోగం పోయింది, వినేది ఒక్క మనిషి, అయినా అదే గొంతు, అదే ఉత్సాహం. నన్ను ఎన్నో ఊళ్లు వింటున్నాయి. ఆ ఒక్క లక్ష్మమ్మ కూడా ఆమెదే అయినందుకు నాకు కడుపు మండింది.

నన్ను చూసి నవ్వింది. "రా తమ్మీ. నువ్వు సార్‌కు చెప్పిన పది రోజులు అయిపోయినయ్ గని, ఈ పెద్దమ్మ ఇంక నన్ను మరువలే" అంది.

అంటే మేనేజరు ఆమెకు చెప్పేశాడు. అన్నీ తెలిసే ఆ రోజు నా భుజం తట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె మాత్రం ఫోను నా చేతిలో పెట్టి, "ఏం కనపడ్తుందో ఇగ నువ్వు చెప్పు" అంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "అమ్మా, అద్భుతమైన దృశ్యం! చూడటానికి రెండు కళ్లూ చాలడం లేదు..."

లక్ష్మమ్మ మధ్యలోనే నెమ్మదిగా, "బిడ్డా, ఫోను రజియాకియ్యి" అంది.

చివరి రోజుల్లో దవాఖానలో రజియక్క నాకిచ్చింది ఆ ఒక్క ఫోన్ నంబరే. అప్పటినుంచి రోజూ పొద్దున లక్ష్మమ్మకు చేస్తున్నాను. రేడియో కోసం కాదు, అక్కడ నా మాటలు మూడు రోజుల ముందే రికార్డయి ఉంటాయి. ఈ రోజూ చాయ్ గ్లాసు పక్కన పెట్టి చేశాను. తుంపర పడుతోందనీ, డిపోలోంచి వచ్చే బస్సుల వైపర్లు కీచుమంటున్నాయనీ, జనం చాయ్ కొట్టు రేకు కిందికి జరుగుతున్నారనీ చెప్పాను.

"మంచిగనే చెప్తున్నవ్ బిడ్డా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే, "గని రజియా అయితే..." అని ఆగిపోయింది.

ఒళ్లు మండింది, ఎప్పటిలాగే. అయినా ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని అడిగాను.

"రజియక్క అయితే ఎట్ల చెప్పేది పెద్దమ్మా?"