నోట్లో మేకులు

ఎడమ బుగ్గలో గుప్పెడు చిన్న మేకులు. నాలుక ఒక్కోదాన్ని తిప్పి పెదవుల మధ్యకు తోస్తుంది, అయస్కాంతం ఉన్న సుత్తి దాన్ని అందుకుంటుంది, ఒకే దెబ్బ. పట్టీ కుర్చీ చట్రానికి బిగిసిపోతుంది. కుషన్ల పని ఆయనకు ఎవరూ నేర్పలేదు, పాత కుర్చీలు విప్పి చూసి నేర్చుకున్నాడు. వీధి వీధంతా మేకులాయన అని పిలుస్తుంది. పని చేస్తున్నంతసేపూ నోరు నిండే ఉంటుంది గనక, ఏ మాటకైనా ఊఁ కొట్టి ఊరుకుంటాడు.

ఒక రోజు ఒక కుర్చీకి పట్టీలు కొట్టడం పూర్తయ్యేసరికి కింది పెదవి ఒక పక్క ఉబ్బింది. గదిలో అవతలి మూల మిషను మీద కవర్లు కుట్టే భార్య చూసి నవ్వింది.

“ఏంటండీ అది, తేనెటీగని ముద్దు పెట్టుకున్నారా?”

ఆయన మేకులు అరచేతిలోకి ఉమ్మి, పెదవి తడుముకున్నాడు. “మేకు గుచ్చుకుని ఉంటుంది.”

ఇన్నేళ్ళలో గుచ్చుకోని పెదవా అది? ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. తెల్లారేసరికి వాపు తీసేసినట్టు పోయింది. ఇద్దరూ మరిచిపోయారు. ఆయనకు పాత బీపీ మాత్ర పడక కాళ్ళకు నీరు పడుతోందని డాక్టరమ్మ ఈమధ్యే కొత్తది రాసిన సంగతి ఇద్దరికీ తెలుసు. దాన్నీ దీన్నీ కలిపి చూడాలని మాత్రం తోచలేదు. చేతికి అందేంత దూరంలో మేకుల డబ్బా ఉండగా ఇంకో కారణం ఎవరు వెతుకుతారు?

తర్వాతి వారం ఆ కుర్చీకి అంచు కుట్టి, అడుగున గుడ్డ కొట్టడమే మిగిలింది. అది పక్కవీధి మాస్టారిది. తుంటికి ఆపరేషన్ చేయించుకుని సాయంత్రం ఇంటికొస్తున్నారు, ఎత్తు పెంచిన ఆ కుర్చీలో తప్ప ఆయన కూర్చోకూడదు. మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తానని వాళ్ళమ్మాయికి మాటిచ్చాడు. వంపు సూది పట్టుకుని పొద్దున్నే కూర్చున్నాడు.

కానీ కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. నాలుక తనది కానట్టుంది. లేచి నీళ్ళు తాగబోతే గుటక సరిగా దిగలేదు. మళ్ళీ కూర్చుని నాలుగు కుట్లు వేశాడు, గడ్డానికి తడి తగిలింది, భుజానికి తుడుచుకున్నాడు. మళ్ళీ లేచాడు.

“దారం ఇంకో ఉండ కావాలా?” భార్య మిషను మీంచి తల తిప్పకుండానే అడిగింది.

ఆయన ఏదో అన్నాడు, ముద్దముద్దగా.

“మేకులు తీసి మాట్లాడండి.”

“లేవు.”

మిషను ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. డబ్బా అల్మారాలోనే ఉంది, పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. ఇవాళ ఇంకా అంచు కుట్టు దగ్గరే ఉన్నాడు. మేకుల పని మొదలే కాలేదు.

దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుంది. “నోరు తెరవండి.”

నాలుక లావెక్కి పళ్ళను నెడుతోంది.

“మేకు...” అన్నాడాయన.

“ఏ మేకండీ? పొద్దుట్నుంచి ఒక్కటైనా ముట్టుకున్నారా? పోయినసారి పెదవి కూడా మేకు వల్ల కాదు. కొత్త మాత్రతో మొహంగానీ పెదవిగానీ వాస్తే ఆగకుండా రమ్మని డాక్టరమ్మ చెప్పలా? మనమిద్దరం తలలూపి వచ్చాం.”

ఆయన సూది చూపించాడు. “ఒక్క పక్కే ఉంది. కుట్టేసి వెళ్దాం. మాస్టారు వచ్చేస్తారు.”

“మాస్టారు ఇవాళ్టికి మంచం మీద పడుకుంటారు. మీకు ఊపిరి ఆడకపోతే మిమ్మల్ని ఏ కుర్చీలో కూర్చోబెట్టమంటారు?”

పోనీ కాసేపు పడుకుంటానన్నట్టు సైగ చేశాడు. ఆవిడ ఒప్పుకోలేదు. గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి అంబులెన్సుకు ఫోను చేసింది. “నాలుక వాచింది. మాట మారింది. ఉమ్ము మింగలేకపోతున్నారు. బీపీ మాత్ర కొత్తగా మార్చారు.” నోట్లో ఏమీ వెయ్యొద్దనీ, మాత్రల అట్ట వెంట తెమ్మనీ అవతలివాళ్ళు చెప్పారు. అట్ట కొంగున కట్టుకుని వాకిట్లోకీ గదిలోకీ తిరుగుతూనే ఉంది. వీధి మలుపులో ప్రతి హారనూ అంబులెన్సుదే అనిపించింది. ఆయన వేళ్ళ మధ్య సూది అలాగే ఉంది. బండి వచ్చాక ఆవిడే తీసి కుషనుకు గుచ్చింది.

ఆసుపత్రిలో అట్ట చూడగానే ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. గొంతు మూసుకుపోతే వెయ్యడానికి గొట్టం పక్కనే సిద్ధంగా పెట్టి, మందులిచ్చి, కళ్ళు తిప్పకుండా కనిపెట్టుకున్నారు. గొట్టం అవసరం రాలేదు. మర్నాటికి వాపు దిగింది.

“పెదవి వాచినరోజే రావాల్సింది,” అన్నాడు అక్కడి డాక్టరు. “దానంతటదే తగ్గింది కదా అని వదిలేశారు. రెండోసారి నాలుకకొచ్చింది. ఇంకాస్త ఆగుంటే గొంతుకొచ్చేదేమో. ఈ రకం మాత్ర మీకు ఇక ఎప్పుడూ వద్దు, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు ఆ మాట చెప్పండి. బీపీకి వేరేది రాస్తున్నా. భయపడి అది మానేయకండి.”

ఇంటికి రాగానే ఆయన కుషనులోంచి సూది లాగి మిగిలిన పక్క కుట్టాడు. కుట్టు ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో వెతికినా కనబడదు. అడుగున గుడ్డ బిగించడానికి డబ్బా తీసి, అలవాటుగా గుప్పెడు మేకులు నోటిదాకా తెచ్చాడు. భార్య ఒక గిన్నె ముందుకు జరిపింది.

“మేకులేం చేశాయి పాపం?” అన్నాడు.

“అవేం చేయలేదు. ఆ నోట్లోంచి మాట ఎలా వస్తోందో నాకు వినబడాలి, అంతే.”

ఆయన మేకులు గిన్నెలో పోశాడు. చెయ్యి గిన్నెకీ చట్రానికీ తిరగడంతో పని నెమ్మదించింది, రెండు మేకులు వంకర పోయాయి. వాటిని పీకి మళ్ళీ కొట్టాడు.

మాస్టారి అమ్మాయి బండి తెచ్చుకుని వచ్చింది. “ఆలస్యమైందమ్మా,” అన్నాడు ఆయన, మాట స్పష్టంగా.

“నాన్న మంచం మీంచి మీ ఇద్దర్నీ తిట్టని పూట లేదు. ముందు మీకెలా ఉందో కనుక్కుని రమ్మన్నారు.”

మేకులాయన ఆ కుర్చీలో తాను కూర్చుని, లేచి, రెండు చేతుల బలమూ అంచు మీద వేసి నొక్కి చూశాడు. కదల్లేదు. ఒక పక్క తాను, ఒక పక్క భార్య ఎత్తి బండిలో పెట్టారు.