స్టాపు దాటిన పాఠకురాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ జువాలజీ సార్‌ది. నేను ఫిజిక్స్. ఆయన నాకన్నా బాగా చిన్నవాడు, నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చాడు. మాది గుంటూరు వైపు. మా ఇద్దరి మధ్య ఏనాడూ మాట తేడా రాలేదు. ఆయన సైన్స్ ఫిక్షన్ కథ రాయనంతవరకూ నాకు ఆయనంటే ఇష్టమే.

అప్పటికి కొన్నేళ్ళుగా నేను ఒక కథల యాప్‌లో రాస్తున్నాను. అన్నీ సైన్స్ కథలే. లెక్క తప్పకుండా రాస్తాను, అందులో నాకు కాస్త పొగరు కూడా ఉంది. వచ్చే స్పందన మాత్రం ఇలా ఉండేది: ‘సూపర్ సార్.’ ‘నైస్.’ రెండు దండాల బొమ్మలు. మా కాలేజీ కుర్రాడెవడో, ‘సార్, ఈ ఫార్ములా ఎంసెట్‌లో వస్తుందా?’ అని. ఇంకొకాయన ప్రతి కథ కిందా, ‘తర్వాతి భాగం ఎప్పుడు?’ అని అడిగేవాడు. అప్పటికి కథ అయిపోయి, హీరో భూమ్మీదికి దిగి, కాళ్ళు కడుక్కుని కూర్చుని ఉండేవాడు.

ఒకరోజు జువాలజీ సార్ నా కథ చదివి, “సార్, నేను గూడ గిట్లాంటిదొకటి రాస్త. జర చూసిపెడ్తరా?” అన్నాడు. “రాయండి సార్, దానిదేముంది!” అన్నాను పెద్ద మనసుతో. ఆ పెద్ద మనసు సరిగ్గా వారం నిలిచింది.

అదే యాప్‌లో ఆయన పెట్టిన కథ అంగారకుడి మీద జరుగుతుంది. కాలనీలో ఒక ముసలావిడ, భూమి నుంచి తెచ్చుకున్న పెరుగు తోడును ఏళ్ళ తరబడి పాడవకుండా కాపాడుకుంటూ ఉంటుంది. ఒకసారి కరెంటు పోయి కాలనీ మొత్తం గడ్డకట్టే చలిలో పడుతుంది. ఆవిడ ఆ గిన్నెను స్వెట్టర్ లోపల పొట్టకు అదుముకుని కూర్చుంటుంది. అంతే కథ. చివర ఆయన ఒక ముక్క జోడించాడు: ‘రాసుడు నాకు కొత్త. ఎక్కడ బోర్ కొట్టిందో మొహమాటం లేకుండ చెప్పుండ్రి.’

చదువుతుంటే నాకు ఒక తప్పు దొరికింది. అంగారకుడి మీద మనిషి బరువు సగమవుతుందని రాశాడు. సగం కాదు, మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఆ తప్పు చూసినప్పుడు కలిగిన ఆనందం నా కథలకు వచ్చిన కామెంట్లన్నీ కలిపినా ఎన్నడూ కలగలేదు. ఎంతో సౌమ్యంగా చెప్పాను. ఆయన అక్కడికక్కడే ఫోన్ తీసి దిద్దేసి, “మంచిగ చెప్పిన్రు సార్, లేకుంటె ఇజ్జత్ పోతుండె” అన్నాడు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. పట్టుకుని వేలాడటానికి ఒక తప్పు కూడా మిగల్చలేదు మనిషి.

ఇక ఆయనకు వచ్చిన కామెంట్లు! ఒకావిడ, బదిలీ అయిన ప్రతి ఊరికీ తమ అత్తగారు తోడును చిన్న స్టీలు డబ్బాలో వేసి ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారని రాసింది. ఒకాయన, చలికాలం హైదరాబాద్‌లోనే పెరుగు తోడుకోదు, అంగారకుడి మీద ఎలా తోడుకుంటుందని నిలదీశాడు. ఆయనకు ఇంకొకావిడ జవాబిచ్చింది. ఇద్దరూ జువాలజీ సార్ కథ కిందే పోట్లాడుకున్నారు. నా కథ కింద ఇంతవరకూ ఎవరూ పోట్లాడుకోలేదు. క్లాసు అయిపోగానే నేను నా కథ తెరవడం మానేసి ఆయన కథ తెరిచేవాణ్ణి, కొత్తగా ఎవరేమన్నారో చూసుకుని కుళ్ళుకోవడానికి.

ఆ రోజుల్లో నాకున్న ఊరట మా ఆవిడ ఒక్కతే. కోఠీలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది, బస్సులో కూర్చుని చదువుతుంది. నా కథ ఏది పెట్టినా చదివి, “బాగుందండీ” అంటుంది. మరో మాట ఉండదు. నేను కూడా అడగలేదు.

ఒక సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. ఏమైందంటే నవ్వుతూ బ్యాగు కింద పెట్టి, “ఫోన్‌లో కథ చదువుతూ కొత్తపేటలో దిగడం మర్చిపోయానండీ. ఎల్బీనగర్‌లో తేలాను. మళ్ళీ ఆటో కట్టించుకుని వచ్చా” అంది. నేను కొత్త కథ పెట్టింది ఆ ముందురోజే. ఏ కథ అని అడగాలని కూడా తోచలేదు. ఆ సాయంత్రం బీరకాయలు నేనే తరిగాను, కాఫీ నేనే కలిపాను. పొద్దున్నే స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ, “మా ఆవిడ నా కథ చదువుతూ స్టాపు దాటిపోయిందండీ” అని చెప్పుకున్నాను.

జువాలజీ సార్ నోరు తెరిచాడు. “అబ్బ! రాసేటోనికి గంతకన్న ఏం కావాలె సార్?” అన్నాడు. ఆయన కళ్ళలో అసూయ కనిపించింది. నాకు కడుపు నిండినట్టయింది.

ఆ నిండిన కడుపు మూడు రోజులకే మండింది. ఆయన కథ కింద పొడుగాటి కామెంటు ఒకటి కొత్తగా వచ్చింది. ‘మీ కథ చదువుతూ బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయాను. వెనక్కి వచ్చే ఆటోలో కూడా చదువుతూనే ఉన్నాను. కానీ ఆవిడ గిన్నెను పొట్టకు అదుముకున్నాక మీరు రాసిన నాలుగు వాక్యాలు కొట్టేయండి. అక్కడ మీరు మాకు అర్థం కాదేమోనని భయపడ్డారు. మాకు అర్థమవుతుంది.’ పేరు లేదు. పేరుండాల్సిన చోట మందారం మొక్క ఫొటో ఉంది. ఆ కుండీ అంచు విరిగి ఉంది. అది మా బాల్కనీలో కుండీ. అంచు విరగ్గొట్టింది నేనే.

ఉన్నమాట చెప్తాను, మా ఆవిడ పరాయి మగాడికి ప్రేమలేఖ రాసినా నాకంత మంట పుట్టేది కాదేమో. ప్రేమలేఖ ఎవరైనా రాస్తారు. నాలుగు వాక్యాలు కొట్టేయండి అని చెప్పాలంటే ఒక్కో వాక్యం పక్కనా కూర్చుని చదవాలి. నా కథల పక్కన ఆమె అలా కూర్చుందా లేదా అన్నదే ఇక నాకు కావాల్సింది.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ రైతుబజారు నుంచి తెచ్చిన గోంగూర వలుస్తోంది. “ఆ కామెంటు నీదేనా?” అన్నాను.

“అవునండీ. మీరు చెప్పే కొలీగే కదా, బాగా రాశాడు.”

“నా కథలకు ఒక్కసారైనా అంత రాశావా?”

“మీరు అడిగారా?” అంది. గొంతులో కోపమేమీ లేదు. “బాగుందా అని అడుగుతారు. బాగుందంటాను. ఆయన ఎక్కడ బోర్ కొట్టిందో చెప్పమన్నాడు.”

“సరే, నా కథలో ఎక్కడ బోర్ కొట్టింది?”

గోంగూర పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. “నిజంగా చెప్పమంటారా? మీ వాడు కాంతి వేగంతో పోయి ముప్పై ఏళ్ళకు తిరిగొస్తాడు. పెళ్ళాం ముసలిదైపోయింది. ‘ఆమె తలుపు తీసింది’ అని ఒక్క ముక్క రాశారు. ఆ తర్వాత రెండు పేజీలు వాడి గడియారం ఎందుకు నెమ్మదిగా నడిచిందో చెప్పారు. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి తలుపు తీసి ఊరుకుంటుందటండీ? వాడైనా ఆమె ముఖం చూడడా?”

ఆ రెండు పేజీల్లో లెక్క ఎంత కచ్చితంగా ఉందో చెప్పాలని నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఆమె నా పాత కథలన్నీ ఒక్కొక్కటే తీసి చెప్పుకుపోయింది. ఏ కథలో ఏ పేజీ దగ్గర ఫోన్ మూసి కిటికీలోంచి బయటికి చూసిందో కూడా ఆమెకు గుర్తుంది. అంటే చదివింది, ప్రతి అక్షరం చదివింది. కానీ ఏ కథా ఆమెను స్టాపు దాటించలేదు.

తలుపు దగ్గర ఘట్టం మళ్ళీ రాశాను. గడియారం రెండు పేజీలూ తీసేశాను, పన్ను పీకించుకున్నంత బాధగా. మా ఆవిడ చదివి, “ఇప్పుడు మీ కథలో ఆవిడ మనిషిలా ఉంది” అంది. యాప్‌లో మార్చి పెట్టాను.

మర్నాడు జువాలజీ సార్ నా పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. “సార్, గా తలుపు తీసే కాడ నాకు ఏడుపొచ్చింది. మేడమ్ చెప్పిన్రా మార్చుమని?”

“అవును సార్.”

“మీ నసీబ్ సార్. మా ఇంట్ల నా కథ ఎవ్వలు చదువలేదు. మా ఆమెకు చూపిస్తె, పెరుగు మీద గూడ కథనా అని నవ్వింది.”

“మీకు అన్ని కామెంట్లు వచ్చాయి కదా!”

“కామెంట్లకేముంది సార్. ఒకామె నా కథ చదువుకుంట స్టాపు దాటిపోయిన అని రాసింది. గవన్ని ఉత్తగ రాస్తరు, మనల్ని ఖుష్ చేసేటందుకు. మీ మేడమ్ నిజంగ దాటిపోయింది. గదే అసలు ముచ్చట.”

ఉత్తగ కాదు సార్, నిజమే, ఆవిడెవరో నాకు తెలుసు అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆయన ఎంత పొంగిపోతాడో నాకన్నా బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు. అంత బాగా తెలుసు కాబట్టే, అవునన్నట్టు తలూపి, చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను.