సుద్ద తుడిచిన పెట్టె

మన్నెగూడ చౌరస్తాలో బస్సు దిగుతుండగా ఫోన్ మోగింది. బొంగులూరు దారిలో టర్కీ కోళ్లు పెంచే అక్క చేసింది.

"అన్నా, వడ్ల తాత పోయిండు."

ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అని వరుసగా అడిగాను. విలేకరి పనిలో పడిన అలవాటు అది. వివరాలు ముందు వస్తాయి, బాధ తర్వాత వస్తుంది. పొద్దున చాయ్ తాగి పనిబల్ల ముందు కూర్చున్నాడట. కోడలు గ్లాసు తీయడానికి వచ్చేసరికి గోడకు ఒరిగి ఉన్నాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. అన్నీ చెప్పాక అక్క ఇంకో మాట అంది.

"నాలుగోది చేస్తుండె అన్నా. అయిందో లేదో తెల్వది."

ఆ నాలుగోది ఏమిటో చెప్పాలంటే మొదటిదాని నుంచి రావాలి.

వడ్ల తాత అంటే ఇబ్రహీంపట్నంలో వడ్రంగి. వయసులో ఉన్నప్పుడు నాగళ్లు, బండి చక్రాలు చేశాడు. తర్వాత దర్వాజలు, కిటికీలు. వెంచర్లతో పాటు రెడీమేడ్ తలుపులు వచ్చాక కుర్చీ కాళ్లు, మంచం పట్టెలు మిగిలాయి. కట్టె ఏదైనా చేతికి రాగానే వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కళ్లద్దాలు ఆ తర్వాతే తగిలించుకునేవాడు. "రంగేస్తే మామిడి గూడ టేకు లెక్కనే కనవడ్తది. తట్టినవనుకో, నిజం జెప్తది" అనేవాడు.

అక్క దగ్గర ఒక పాత చెక్కపెట్టె ఉంది. జానెడు పొడవు. దాని మూత ఒక కొసన మరతో బిగించి ఉంటుంది. మూతను పెట్టె అంచు మీద అడ్డంగా గీస్తే ఆడ టర్కీ పిలిచినట్టే వినిపిస్తుంది. విదేశాల్లో వేటగాళ్లు పుంజులను దగ్గరికి రప్పించడానికి ఇలాంటివి వాడతారు. అక్కకు ఆ సంగతి తెలియదు. నగరంలో పాత సామాన్ల అంగట్లో పోపుల పెట్టె అనుకుని కొన్నది. షెడ్డు దగ్గర మూత జరపగానే అది అరిచింది. టర్కీ పిల్లలన్నీ ఉరికి వచ్చి ఆమె కాళ్ల చుట్టూ చేరాయి.

"జీలకర పోసుకుందామని తెస్తే కోళ్లకు తల్లయి కూసున్నది" అని నవ్వేది అక్క.

అప్పటి నుంచి సాయంత్రం పక్షులను షెడ్డులోకి పిలిచేది ఆ పెట్టే. చుట్టూ ఖాళీ ప్లాట్లు, ప్లాట్ల నిండా కుక్కలు. పొద్దుగూకేలోపు లోపలికి రాని పక్షి తెల్లారి కనిపించదు. అక్క బతుకంతా ఆ మందే.

ఒక ఎండాకాలం మొదట్లో మర వదులైందని పెట్టెను తాతకు ఇచ్చింది. తాత మర బిగించాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. మూత అడుగున, అంచు మీద తెల్లటి పొడి కనిపించింది. మురికి అనుకున్నాడు. తన చేతికి వచ్చిన వస్తువు మురికితో తిరిగిపోవడం ఆయనకు నచ్చదు. గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించి, అద్దంలా మెరిపించి ఇచ్చాడు.

ఆ తెల్ల పొడి సుద్ద. ఆ పెట్టె గొంతు ఆ సుద్దలోనే ఉంది. నూనె తాగిన మూత అంచు మీద సబ్బులా జారింది. చప్పుడు రాలేదు. ఆ సాయంత్రం అక్క కర్ర పట్టుకుని ప్లాట్లన్నీ తిరిగింది. మూడు పెట్టలు కుక్కల పాలయ్యాయి.

మర్నాడు పెట్టెను తెచ్చి పనిబల్ల మీద పెట్టింది. "తాతా, దీని గొంతు వోయింది."

తాత గీసి చూశాడు. మళ్లీ గీశాడు. పెట్టెను తన దగ్గరే ఉంచుకున్నాడట. ఆ సాయంత్రం నాలుగింటికి కర్ర పట్టుకుని షెడ్డు దగ్గర నిలబడ్డాడు.

"నేను వోగొట్టిన. అది మళ్ల మాట్లాడేదాక నేనే తోల్త."

డెబ్భై దాటిన మనిషి. రోజూ వచ్చాడు. "వడ్లాయన కోళ్లు తోలుతుండని అందరు నవ్వుతున్నరు తాతా, నువ్వు పో" అని అక్క బతిమాలింది. "నవ్వనీ. గిటొచ్చి రెండు తోలి నవ్వుమను" అన్నాడు.

మధ్యాహ్నాలు పెట్టెతో గడిపేవాడు. గాజు పెంకుతో నూనె పొరను గీకడం, బడిలో వాడే సుద్దముక్కలు దంచి ఆ పొడిలో పెట్టెను కప్పడం, ఎండలో పెట్టడం. సుద్ద నూనెను పీల్చుకుంటుంది. ఆ పొడి పారబోసి కొత్త పొడి. వానలు పడేదాకా అదే పని. ఈలోగా అక్క తమ్ముడు ఆన్‌లైన్‌లో కొత్త పెట్టె ఒకటి తెప్పించాడు. పెద్ద గొంతు. కానీ పక్షులు దాని మాట వినలేదు.

ఒకరోజు పాత పెట్టె పలికింది. నేను అక్కడికి వెళ్లింది ఆ వారమే. వార్త కోసం వెళ్లాను. పాతదీ కొత్తదీ చెరి పదిసార్లు గీయించి, అరుపులు లెక్కపెట్టాను. పుంజులు రెండింటికీ ఒకేలా బదులిచ్చాయి. పాత పెట్టెకూ కొత్త పెట్టెకూ తేడా లేదని రాశాను.

రెండు రోజుల తర్వాత షెడ్డు దగ్గర తాత కనిపించాడు. కోడలు పేపర్ చదివి వినిపించిందట.

"మంచిగ రాసినవ్ బిడ్డా. గని నువ్వు పుంజులను లెక్కవెట్టినవ్."

"మరి ఎవర్ని లెక్కపెట్టాలె తాతా?"

ఆయన దారి వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఒక బస్సు హారన్ కొడుతూ పోయింది. పుంజులన్నీ మెడలు చాచి ఒక్కసారిగా అరిచాయి. అక్క నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

"బస్సుకు గూడ తేడా లేదని రాస్తవా?" అన్నాడు తాత. "అవి దేనికన్న అరుస్తయ్. పెట్టలను సూడు. తల లేపినయా, నడిచినయా, గది సూడు."

కొత్త పెట్టె గీశాడు. పుంజులు అరిచాయి. పెట్టలు నేల పొడుచుకుంటూనే ఉన్నాయి. పాత పెట్టె తీశాడు. మూడు గీతలు గీసి, మూత మీద చెయ్యి ఆనించి ఆగాడు. పెట్టల తలలు లేచాయి. నేను ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ప్లాట్ల హద్దురాళ్ల మధ్య నుంచి పెట్టలు ఒకదాని వెనక ఒకటి నడిచి వచ్చాయి. వాటి వెనక పుంజులు వచ్చాయి. ఎవరూ కర్ర ఎత్తలేదు.

"కొత్తది సురువు నుంచి ఆఖరు దాక ఒక్క తీరుగ వలుకుతది. పాతది సన్నగ లేసి నడుమ ఇరుగుతది. ఆ ఇరిగినకాడ అడుగుతది. కొత్తది చెప్తది బిడ్డా, పాతది అడుగుతది. అడిగినంక ఊకోవాలె. నువ్వు ఊకోవు, గదే నీ రోగం."

నేను వినగానే నమ్మే మనిషిని కాదు. ఆయనను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఏ పెట్టె గీస్తున్నానో చెప్పకుండా గీశాను. వరుస మార్చాను. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చివరికి పాత పెట్టె చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "గది పాతదే. గని అది ఈడ లేదు" అన్నాడు. కొత్తది ఐదు పలకలు అతికించిందనీ పాతది ఒకటే మొద్దు తొలిచిందనీ కూడా తట్టే చెప్పాడు. మర విప్పి చూశాను. నిజమే.

వార్త సవరించి మళ్లీ రాశాను. ఆ తర్వాత ఎవరినైనా ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. నాతో జనం చెప్పిన ముఖ్యమైన మాటలన్నీ ఆ ఖాళీలోనే వచ్చాయి.

కానీ గాజు పెంకుతో గీకినప్పుడు పాత పెట్టె గోడ పలచబడింది. అంచున వెంట్రుకంత పగులు తేలింది. ముందుగా చూసింది తాతే. "ఇది ఎక్కువ దినాలు రాదు బిడ్డా. నా శెయ్యే తగిలింది. ఇంకోటి నేనే చేసిస్త" అని అక్కకు మాటిచ్చాడు. మొదటిది చేసి తెచ్చాడు. పెట్టలు తల ఎత్తలేదు. దాంట్లో మొలలు పోసుకున్నాడు. రెండోదాంట్లో బీడీలు. మూడోది కోడలు తీసుకుని నిజంగానే పోపుల పెట్టె చేసింది.

దినాలు అయిన తెల్లారి నేను షెడ్డు దగ్గర ఉండగా ఆ కోడలే వచ్చింది. చేతిలో పాత తువ్వాలలో చుట్టిన నాలుగోది. "మామ ఆ పొద్దుగాల ఇది నీకియ్యాలన్నడు. తానైతే ఇంకా గీసి సూడలే. సాయంత్రం ఈడికొచ్చి నీ ముంగటనే గీస్త అన్నడు" అంది అక్కతో.

అక్క తువ్వాల విప్పింది. ఒకటే మొద్దు. నేను తట్టి చూశాను, నాకేమీ తెలియలేదు. మూత ఎత్తి చూస్తే అడుగున సుద్ద పట్టించి ఉంది. ఆ సుద్ద అంటిన బొటనవేలి ముద్ర మూత పైన, కొస దగ్గర, గీతలతో సహా ఉంది.

పొద్దు వంగింది. అక్క ఆ ముద్రకు తగలకుండా పక్కన పట్టుకుని మూడు గీతలు గీసి ఆగింది. పుంజులు అరిచాయి, నేను లెక్కపెట్టలేదు. ముగ్గురం ఊరుకున్నాం. దూరంగా ఒక పెట్ట తల ఎత్తింది. ఇంకొకటి. తర్వాత హద్దురాళ్ల మధ్య అవి నడవడం మొదలుపెట్టాయి.

అన్నీ లోపలికి వచ్చాక షెడ్డు తలుపు వేసి, కోడలు పెట్టెను తువ్వాలతో తుడవబోయింది.

"తుడవకు" అంది అక్క.

ఇప్పుడు ఆ పెట్టె షెడ్డు గోడకు మేకు మీద ఉంటుంది. మూత అడుగున సుద్ద అరిగినప్పుడల్లా అక్క మళ్లీ పూస్తుంది. పైనున్న ముద్ర జోలికి మాత్రం పోదు.