సాయమ్మవ్వ ఇంట్లో మా బాత్రూం

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నంలో మేము కొనబోయే ఇల్లు చూడటానికి వెళ్తే, ఇల్లు అమ్మే సాయమ్మవ్వ ముందు మమ్మల్ని వెనక అర్రలో ఒక మూలకి తీసుకెళ్ళింది. అక్కడ జానెడు ఎత్తు మట్టి గద్దె... దాని వెనక గోడకు ఎర్రటి జాజు పూసి పసుపు బొట్లు పెట్టి ఉంది. వాళ్ళింటి ఎల్లమ్మ.

"ఇల్లు మీదే. గీ మూల మాత్రం నా చిన్నకొడుకు ఇల్లు కట్టుకునేదాంక ఉంచున్రి. ఏడాదికోసారి వచ్చి బోనం పెట్టుకొని పోత," అంది.

"అట్లనే అవ్వా. నీ ఇల్లే అనుకో," అన్నాడు బాపు.

ఆ మాట మీదే ఆమె ధర తగ్గించింది. ఎక్కువ ఇస్తామన్నవాళ్ళు లేకపోలేదు... కానీ వాళ్ళకి కావలసింది ఇల్లు కాదు, పడగొట్టాక మిగిలే స్థలం. హైదరాబాదు మా వైపు పెరుగుతున్న రోజులవి. రావిర్యాల దారి పొడుగునా కంది చేలల్లో తెల్లరాళ్ళు పాతుతున్నారు. బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న బాపుకి అంతకు మించి ఇచ్చే శక్తి లేదు.

సాయమ్మవ్వ సామాను ఆటోలో వేసుకొని మీర్‌పేట్‌లో చిన్నకొడుకు ఉండే కిరాయి ఇంటికి వెళ్ళిపోయింది.

మేము చేరాక మరమ్మతులు మొదలయ్యాయి. గూన పెంకులు తీసి రేకులు వేశారు. గోడలకు సున్నం పడింది. బాత్రూం మాత్రం లేదు... ఊళ్ళో చాలా ఇళ్ళకు అప్పుడు లేదు. ఇంటి వెనక తుమ్మ పొదలు ఉండేవి. ఆడవాళ్ళమంతా తెల్లవారకముందే అటు వెళ్ళి వచ్చేవాళ్ళం.

ఆ ఎండాకాలం జేసీబీ వచ్చి ఆ పొదలన్నీ పెరికేసింది. ప్లాట్లు చేశారు. ఎటు చూసినా చదును నేల... అక్క అప్పుడే పెద్దమనిషి అయింది. ఇద్దరం పొద్దున నీళ్ళు తాగడం మానేశాం.

అమ్మ మేస్త్రిని పిలిపించింది. అతను ఇల్లంతా తిరిగి చూసి ఎల్లమ్మ ఉన్న మూల దగ్గర ఆగాడు.

"మోరీ గీ మూల కాడనే ఉన్నది అన్నా. ఇంకో దిక్కు కడితే నీళ్ళు పోవు."

"అవ్వకు మాటిచ్చిన గద," అన్నాడు బాపు. "ఐతారం మీర్‌పేట్ పోయి చెప్పొస్త."

ఆ ఆదివారం పెళ్ళి జాకెట్లు ఉన్నాయి. ఆ తర్వాతి ఆదివారం ఇంకేదో... మీర్‌పేట్ మాకు ఒక్క బస్సు దూరం.

చివరికి మేస్త్రే తొందరపెట్టాడు. "కందుకూరుల పని ఒప్పుకున్న. రేపు షురూ చేయకుంటే ఇగ దసరా తర్వాతనే."

తెల్లారి వచ్చాడు. కానీ గద్దె మీద గడ్డపార వేయనన్నాడు. "మొదటి దెబ్బ ఇంటోల్లు వెయ్యాలె. నేను వెయ్య." బాపు బీడీ ముట్టించుకొని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ గద్దె ముందు దీపం పెట్టి కొబ్బరికాయ కొట్టింది. "నాకు ఆడపిల్లలున్నరు తల్లీ," అని తనే గడ్డపార అందుకుంది.

బాత్రూం తయారయ్యాక మొదటిసారి లోపల గడియ పెట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో... "ఏందే, లోపల సంసారం పెట్టినవా?" అని అక్క తలుపు బాదింది. అంత సంతోషం నాకు ఆ ఇంట్లో మళ్ళీ కలగలేదు. అది నిజం.

శ్రావణంలో సాయమ్మవ్వ వచ్చింది. నెత్తి మీద బోనం, దాని మీద వెలుగుతున్న దీపం... వసారా దాటి నేరుగా వెనక అర్రలోకి నడిచింది. అక్కడ నీలం రంగు రేకు తలుపు.

అవ్వ వెనక్కి తిరిగి మళ్ళీ వసారాలోకి వచ్చింది. మేమూ వెనకే వచ్చాం.

"అవ్వా, పిల్లలకు జాగ లేదు..." అని మొదలుపెట్టింది అమ్మ.

"నేను కాదంటనా బిడ్డా? నాకు లేరా ఆడపిల్లలు? ఒక్క మాట చెప్పొద్దా... గద్దె మీది మట్టి పిడికెడు కొంగుల కట్టుకొని పోతుంటి. గా మట్టి యాడ పెడితే ఆడనే ఎల్లమ్మ ఉంటది."

ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

"పోనీ, గా మట్టి యాడ పోసిన్రు?"

వసారా ఎత్తు పెంచడానికి మేస్త్రి ఆ మట్టంతా తెచ్చి ఇక్కడే పోసి, పైన సిమెంటు చేశాడు. మేము నిలబడి ఉన్నది దాని మీదే.

"గీడ్నే అవ్వా," అన్నాడు బాపు, తల ఎత్తకుండా.

ఆమె వెంటనే వసారా దిగింది... నేల మీద నిలబడి, వంగి, బోనాన్ని సిమెంటు అంచున పెట్టి దండం పెట్టుకుంది. మేమూ ఒక్కొక్కరం దిగి పక్కన నిలబడ్డాం.

నీళ్ళు తాగి పొమ్మంది అమ్మ. "ఒక్కపొద్దు ఉన్న బిడ్డా," అని వెళ్ళిపోయింది. నిజంగా ఉపవాసమో, మా ఇంటి నీళ్ళు ముట్టకూడదనో... అమ్మకి ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు రాలేదు. ఆ పై ఏడు బాపు మీర్‌పేట్ వెళ్ళాడు. వాళ్ళు ఎప్పుడో ఆ ఇల్లు ఖాళీ చేశారు. ఎటు వెళ్ళారో పక్కవాళ్ళకీ తెలియదు.

ఇప్పుడు మా ఇంటికి స్లాబు పడింది, పైన ఇంకో అంతస్తు వచ్చింది. పోయినేడాది తమ్ముడు ఇల్లంతా టైల్స్ వేయించాడు. వసారా ఒక్కటీ అమ్మ ముట్టనీయలేదు. ఎందుకని మరదలు అడిగితే, "సిమెంటు గట్టిగనే ఉన్నది," అంది.

బాత్రూం కట్టకుండా ఉండాల్సిందని నేను అనలేను... కానీ ఇప్పుడు మా వైపు రోజుకో పాత ఇల్లు చేతులు మారుతుంటే, అమ్మిన వాళ్ళు ఏం వదిలి వెళ్ళారో అడిగే వాళ్ళే కనబడటం లేదు. మీరు చిన్నప్పుడు చేరిన ఇంట్లో మీకన్నా ముందు ఎవరుండేవారు? వాళ్ళు మళ్ళీ ఎప్పుడైనా వచ్చారా? తెలిస్తే చెప్పండి...