మాటలో రెండో సగం: అల్లూరు దాటి టీచరమ్మ ఇంటికి

మొన్న శనివారం నేను అల్లూరు బస్సెక్కింది సముద్రం చూడ్డానికి కాదు. ఈ బ్లాగుకు బీచ్ ఫోటోల కోసం వచ్చినవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, ముందే చెప్పేస్తున్నాను. నాకు ఇంగ్లీషు నేర్పిన సుగుణమ్మ టీచర్‌కి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఈరోజు నెల్లూరులో ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నానంటే అది ఆమె చలవే. ఆమె గొంతు ఒక్కసారి, ఒక్క మాటైనా వినాలనిపించింది. మాట పడిపోయిన మనిషి గొంతు వినాలనుకోవడం పిచ్చే, కానీ అదే పిచ్చితో బయల్దేరాను.

నెల్లూరు బస్టాండులో ఏడున్నరకు పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ లేదు, మగవాళ్లకు యాభై లోపు అవుతుంది. పెన్న వంతెన, కోవూరు దాటాక రెండువైపులా వరిచేలే. బస్సు ఆగని ఊరు లేదు కాబట్టి గంటన్నర చేతిలో పెట్టుకోండి. అల్లూరులో దిగి, బస్టాండు ఎదురు హోటల్లో కారం దోసె తిన్నాను. మామూలు రోజైతే ఆ దోసె మీదే ఒక పేరా రాసేదాన్ని, ఆరోజు మాత్రం సగం ప్లేటులోనే వదిలేశాను. అక్కడినుంచి సముద్రం వైపు పల్లెలకు షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ముప్పై. కొంతదూరం పోయాక వరి అయిపోయి రొయ్యల గుంటలు మొదలవుతాయి, గాలిలో ఉప్పు తెలుస్తుంది.

ఆటో అన్న టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడే. నేనెక్కడికో తెలిశాక ఆటో వేగం తగ్గించాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "పోయినోళ్లంతా నేనెవురో చెప్పు చూద్దాం అంటారక్కా. నేనూ అట్నే అడిగినా. ఆమె కళ్లు మూసేసుకునింది. మళ్లా పోలా నేను."

ఆమె పాఠం చెప్పే పద్ధతి గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. స్కూల్లో చెప్పేది చాలదని, వేసవి సాయంత్రాలు చర్చి వరండాలో మాకు పై స్థాయి ఇంగ్లీషు చెప్పేది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఒక వచనం చదివితే సంఘమంతా తర్వాతి వచనం చదువుతుంది కదా, సరిగ్గా ఆ పద్ధతే. ఆమె "బై హుక్" అంటే మేమంతా "ఆర్ బై క్రుక్" అని అరవాలి. "ఎట్ సిక్సెస్" అంటే "అండ్ సెవెన్స్". ఇంగ్లీషు జాతీయాలు జోడెద్దులు, ఒకదాన్ని విప్పితే బండి కదలదు అనేది. చర్చికి వెళ్లని మా ఇళ్ల పిల్లలకూ ఆ వరస అలవాటైపోయింది. స్నానానికి మగ్గుతో నీళ్లు ముంచుకుంటూ కూడా అవే వల్లించేవాళ్లం.

ఇంటి గేటు తీసేసరికి ఆమె భర్త దేవదానం గారు ఎదురొచ్చారు. రొయ్యల గుంటలు చేసుకునే మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. మా చిన్నప్పుడు ఆ చర్చి వరండా మెట్ల మీద కూర్చుని, పాఠం అయ్యేదాకా ఓపిగ్గా ఉండి, భార్యను సైకిల్ మీద తీసుకుపోయేవారు. టీచర్ లోపల మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. జుట్టు దువ్వి, పౌడర్ కూడా రాశారు. ఆ జడ ఆయన వేసిందేనని వంకర చూస్తేనే తెలుస్తోంది. నేను పక్కన కూర్చుని, ఆటో అన్న చెప్పింది చెవిలో ఉండగానే, "నన్ను గుర్తుపట్టారా టీచర్?" అనేశాను. ఆమె కళ్లు మూసుకుంది. నా నోరు పడిపోనూ అని నన్ను నేనే తిట్టుకున్నాను.

దేవదానం గారు కాఫీ కలిపి తెచ్చారు. ఆస్పత్రి గురించి చెప్పారు. ఆమె ఉన్న వార్డులో ఆయన నేల మీదే పడుకున్నారట, ఒక్క పూట కూడా ఇంటికి పోలేదట. వింటుంటే నాకు ఆగలేదు. కష్టంలోనూ సుఖంలోనూ వదలకుండా ఉండటానికి పిల్లలకు చెప్పే మాట, అలవాటు కొద్దీ "త్రూ థిక్" అన్నాను. అంతే, ఏడుపొచ్చి మిగతాది అనలేకపోయాను.

"అండ్ థిన్."

మంచం మీదినుంచి వచ్చింది. అదే గొంతు, చివర పుటుక్కున తెంచేసే అదే కచ్చితత్వం. దేవదానం గారు గ్లాసు కింద పెట్టేసి మంచం దగ్గరికి వచ్చారు. నేను వెంటనే "ఆడ్స్" అన్నాను. "అండ్ ఎండ్స్." "నిప్ ఇట్" అన్నాను. "ఇన్ ది బడ్." ఆయన మంచం మీద వంగి, "సుగుణా, నేనెవురు?" అని అడిగారు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. పెదాలు కదిలాయి, ఏమీ రాలేదు, కళ్లు నిండాయి. సొంతంగా అనుకునే మాటలన్నీ పోయి, కంఠతా పట్టినవే మిగిలినట్టున్నాయి. అవి కూడా ఎవరైనా మొదటి సగం అందిస్తేనే.

ఆయన నన్ను వరండాలోకి పిలిచారు. అడగడానికి మొహమాటపడ్డారు.

"చర్చి పాటెత్తుకుంటే గొంతు కలపతాదమ్మా. అది దేవుడికి. నాకొక మాట కావాల. గుంటల కాడ్నించి వస్తే, గేటు చప్పుడికే 'వచ్చినారా' అనేది. ఇప్పుడు గేటు తీయాలంటేనే బుద్ధి పుట్టడంలా. నాకొకటి నేర్పించు."

నేను చాలాసేపు వెతుక్కున్నాను. జీవితమంతా ఇడియమ్స్ చెప్పుకు బతికేదాన్ని, ఇంటికొచ్చిన మనిషి భార్యతో అనడానికి ఒక్కటి దొరకలేదు. చివరికి టీచర్ మా హాజరు తీసుకుంటూ అనే మాట గుర్తొచ్చింది. "హేల్" అనండి, ఆమె "అండ్ హార్టీ" అంటుంది అన్నాను. అర్థమేందని అడిగారు. నిక్షేపంగా ఉన్నామని, అన్నాను. ఆయన కొంచెం నవ్వి, "సరేలే, నిక్షేపంగానే ఉండాం" అన్నారు.

డెబ్బై ఏళ్ల మనిషి ఆ ఒక్క మాటను నోట్లో వేసుకుని పదిసార్లు నమిలారు. గేటు బయటికి వెళ్లి, మళ్లీ గేటు తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి "హేల్" అన్నారు. లోపలినుంచి "అండ్ హార్టీ" అని వచ్చింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మాట ఎవరు అన్నా ఆమె అలాగే అంటుందని నాకు తెలుసు. చెప్పాలా వద్దా అని నలిగిపోతుంటే ఆయనే అన్నారు: "తెలుసులేమ్మా. నేనని కాదు. అయినా ఇంట్లో ఆమె గొంతుంటాది గదా."

నాలుగింటికి అల్లూరులో తిరుగు బస్సెక్కాను. కోవూరు దగ్గరికి వస్తుండగా ఫోన్ మోగింది, దేవదానం గారే. గుంటలకు మేత చల్లి ఇప్పుడే వచ్చారట. "ఆ మాట నోట్లోనే ఉండాదమ్మా, బయటికి రావడంలా. ఆమెకు తెలుసు, తనంతట తను చెప్పలేదు గదా. నా మొహమే చూస్తా ఉంది." కిక్కిరిసిన బస్సులో నిలబడి, జనం తిరిగి చూస్తున్నా, "హేల్, హేల్" అని అరిచాను. ఆయన ఫోన్ పెట్టేయకుండానే ఆ మాట అన్నారు. గాలికి కొట్టుకొచ్చే గుంటల మోటార్ల చప్పుడు వినిపించింది. తర్వాత దూరంగా, మంచం మీదినుంచి, రెండో సగం వచ్చింది.

ఇన్నేళ్లూ ఆ మాటలు ఇంటర్వ్యూలకూ మార్కులకూ పనికొస్తాయనే పిల్లలకు చెప్పాను. ఒక ఇంట్లో ఇద్దరు మనుషుల మధ్య చివరికి మిగిలేది అవేనని ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. చాలా బాధగా ఉంది, దాన్ని ఇంతకంటే అందంగా రాయడం నాకు చేతకాదు. మీరూ ఇలాంటి మనిషిని చూడ్డానికి వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. ప్రశ్నలు అడగకండి, సగం మాట అందించండి. అక్కణ్నించి తిరిగి బయల్దేరే ముందు ఆ సగాన్ని పెద్ద తెలుగక్షరాల్లో గేటు పక్క గోడ మీద సుద్దతో రాసి రండి. వచ్చే శనివారం నేను మళ్లీ వెళ్తున్నది ఆ పనికే.